మచ్చ తీసేశాక

పదో తరగతి సర్టిఫికెట్టు ఒకసారి తీసి చూడండి. పుట్టిన తేదీ, తండ్రి పేరు, వాటితోపాటు గుర్తింపు చిహ్నాలని రెండు వరసలు ఉంటాయి. ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ. మెడ మీద కుడివైపు పుట్టుమచ్చ. క్లాసు టీచరు ఆ ఫారం నింపిన రోజున చొక్కా చేతులు పైకి లాక్కుని, కాలరు పక్కకి జరిపి, దొరక్కపోతే పక్కవాణ్ణి వెతకమని, మొత్తానికి ఒంటిమీద రెండు మచ్చలు తేల్చుకోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. తమ చర్మాన్ని తాము శ్రద్ధగా చూసుకున్న రోజు మనలో ఎక్కువమందికి అదొక్కటే.

మచ్చలంటే మనకి భయం లేదు. ఫలానాచోట ఉంటే ధనయోగం అంటాం, కాలిలో ఉంటే దూరప్రయాణాలు అంటాం. చంటిపిల్లకి దిష్టి తగలకుండా బుగ్గన చుక్క పెట్టి, అరికాలికి కూడా ఒకటి పెడతాం. అలాంటి ఇంట్లో, అరికాలి మీది నల్లచుక్క క్యాన్సర్ అని చెబితే ఎవరు నమ్ముతారు?

మా పెద్దమ్మ నమ్మలేదు. కుడి మడమ పక్కన, అరికాలి అంచున ఉన్న మచ్చ అది. ఆనెకాయ అనుకుంది. ఊళ్ళో డాక్టరూ అలాగే అనుకుని ఆర్నెల్లు ఆనెకాయ ప్లాస్టర్లు వేయించాడు, మెత్తటి చెప్పులు కొనుక్కోమన్నాడు. 2018 ఆషాఢంలో మనవరాలు గోరింటాకు గిన్నె పట్టుకుని కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మమ్మా, పోయినేడు ఇది ఇంత లేదు" అంది. ఆ మాటే ఆవిణ్ణి పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళింది. బయాప్సీలో మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్, అని వచ్చింది. మందం 0.7 మిల్లీమీటరు. చుట్టూ ఒక సెంటీమీటరు మంచి చర్మంతో సహా తీసేసి, తొడ మీంచి చర్మం తెచ్చి అతికారు. కట్టు విప్పిన రోజున డాక్టరు గారు "మీకు దాదాపు నయమైపోయినట్టే అమ్మా" అన్నారు. ఆ రాత్రి నుంచి పెద్దమ్మకి నిద్ర లేదు.

తొలిదశలో దొరికిన మెలనోమాకి వైద్యం చాలావరకూ ఒక చిన్న ఆపరేషన్‌తో ముగుస్తుంది. భయం మాత్రం అప్పుడు మొదలవుతుంది. ఆ భయం గురించి పరిశోధకులు నాలుగు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. పెద్దమ్మ పక్కన కూర్చున్న ఆ ఏడాది నేను చదివిన వాటిలో నాకు గట్టిగా అనిపించిన మాట ముందే చెప్పేస్తాను. ఇలాంటివాళ్ళకి మనం ధారాళంగా ఇచ్చేది ధైర్యం. వాళ్ళకి తక్కువైంది వివరం.

వివరంలో మొదటిది ఒక కొలత. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికన్ పెథాలజిస్టు 98 మంది రోగుల చర్మపు ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, క్యాన్సర్ కణాలు పైపొర నుంచి ఎంత లోతుకి దిగాయో కొలిచాడు. మచ్చ లోతు 0.76 మిల్లీమీటరు లోపు ఉన్నవాళ్ళలో ఎవరికీ ఐదేళ్ళలో జబ్బు తిరగబెట్టలేదు. పర్సులోంచి ఏటీఎం కార్డు తీసి దాని అంచు చూడండి. ఆ కార్డు మందం 0.76 మిల్లీమీటరే. పెద్దమ్మకి నేను అదే చూపించాను. "నీ జబ్బు దీని అంచంత లోతు కూడా దిగలేదు" అన్నాను. ఆవిడ కార్డుని వేలితో నిమిరి చాలాసేపు చూసింది. డాక్టరు గారి "నయమైపోయినట్టే" అన్న మాట చెయ్యలేని పని ఆ కార్డు కొంత చేసింది.

మచ్చ చూడ్డానికి ఎంత వెడల్పుగా ఉందన్నది జనానికి కనపడుతుంది. ఎంత లోతుగా ఉందన్నది ప్రాణానికి సంబంధించింది. ఇప్పుడు వాడుకలో ఉన్న దశల విభజన 2018లో అమల్లోకి వచ్చింది. పైపొర దాటకపోతే సున్నా దశ. సుమారుగా చెప్పాలంటే, 2 మిల్లీమీటర్ల వరకూ దిగి, పైన పుండు పడకుండా, లింఫు గ్రంథులకి పాకకుండా ఉంటే ఒకటో దశ. అంతకన్నా మందంగా ఉన్నా గ్రంథులు శుభ్రంగా ఉంటే రెండో దశ. ఈ విభజనకి ఆధారం 46 వేలమందికి పైగా రోగుల లెక్కలు. వాటి ప్రకారం ఒకటో దశలో మొదటి భాగం, అంటే 1ఏ వాళ్ళలో, పదేళ్ళ తర్వాత కూడా నూటికి 98 మంది మెలనోమా వల్ల చనిపోలేదు. 1బీ అయితే 94. రెండో దశ చివరి భాగమైన 2సీ లో 75. అందుకే "తొలిదశే కదా" అని అందర్నీ ఒకే గాటన కట్టడం సరికాదు. రిపోర్టులో మందం ఎంత, పుండు ఉందా, కణాలు ఎంత చురుగ్గా విభజన చెందుతున్నాయి, తీసిన ముక్క అంచుల్లో జబ్బు మిగిలిందా అన్న నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.

నూటికి 98 అని చెబితే పెద్దమ్మకి వినపడింది ఆ ఇద్దరి గురించే. "ఆ ఇద్దరూ ఎవరే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా ఉండదు. శాతాలు గుంపు గురించి చెబుతాయి. మంచం మీద పడుకున్న మనిషి మాత్రం ఒక్కరే.

కొలతకి కూడా ఒక అనుమానం అంటుకుని ఉంది, దాన్ని దాచకూడదు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో జోఆన్ ఎల్మోర్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. అమెరికాలో 187 మంది పెథాలజిస్టులకి 240 చర్మపు ముక్కల స్లైడ్లు పంచి చదవమన్నారు. మామూలు మచ్చల విషయంలో, మరింత ముదిరిన మెలనోమా విషయంలో నిపుణుల సంఘం తీర్పుతో చాలావరకూ ఏకీభవించారు. మధ్యలో ఉన్నవాటి దగ్గరే పేచీ వచ్చింది. పల్చటి తొలిదశ మెలనోమాల దగ్గర ఏకీభవించింది 43 శాతమే. మైక్రోస్కోపు కింద చూసేది కూడా మనిషి కన్నే మరి. కాబట్టి రిపోర్టు చేతికొచ్చాక ఆస్పత్రి నుంచి బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకుని, చర్మపు ముక్కలు తరచుగా చదివే పెద్ద కేంద్రంలో మరోసారి చూపించడం డాక్టర్ని అవమానించడం కాదు. మందం కొద్దిగా అటూ ఇటూ అయితే ఆపరేషనూ మారుతుంది, రాబోయే ఐదేళ్ళ నిద్రా మారుతుంది.

ఇక కత్తి సంగతి. "కత్తి తగిలితే పాకుతుంది" అన్న మాట మన ఊళ్ళలో వినని ఇల్లు లేదు. రాచపుండు అని గుసగుసగా చెప్పుకున్న కాలం నుంచీ ఉన్న భయం అది. జబ్బు ముదిరాక ఆపరేషన్‌కి వెళ్ళి తర్వాత చనిపోయినవాళ్ళని చూసి పుట్టిన భయం గనక దాన్ని ఎగతాళి చెయ్యను. కానీ మెలనోమాకి బయాప్సీ చేసినందువల్ల జబ్బు పాకదు. చెయ్యకుండా వదిలేసిన నెలల్లో పాకుతుంది. జిల్లేడు పాలు పూయడం, బ్లేడుతో గీకడం, పసరు కట్టడం చేసేటప్పుడు పోయేది ఆ నెలలే.

ఎంత కొయ్యాలన్న ప్రశ్నకి వంద ఏళ్ళ కథ ఉంది. 1907లో లండన్ సర్జన్ విలియం శాంప్సన్ హ్యాండ్లీ ఒకే ఒక్క రోగి మరణానంతర పరీక్ష ఆధారంగా, మచ్చ చుట్టూ చాలా వెడల్పుగా తీసెయ్యాలని బోధించాడు. తర్వాతి దశాబ్దాల్లో అది ఐదు సెంటీమీటర్ల లెక్కగా స్థిరపడింది. చిన్న మచ్చ కోసం అరచెయ్యంత చర్మం పోయేది. 1988లో ఇటలీ సర్జన్ ఉంబెర్టో వెరొనేసి నేతృత్వంలో జరిగిన అధ్యయనం, పల్చటి మెలనోమాకి ఒక సెంటీమీటరు చాలని చూపించింది. ఇప్పుడు సున్నా దశకి అర నుంచి ఒక సెంటీమీటరు, 1 మిల్లీమీటరు లోపు మందానికి ఒక సెంటీమీటరు, 2 దాటితే రెండు సెంటీమీటర్లు తీస్తున్నారు. ఎక్కువ కోస్తే ఎక్కువ భద్రం అన్న మాట రోగి నోటా వస్తుంది, బంధువుల నోటా వస్తుంది. దానికి ఆధారం దొరకలేదు.

గ్రంథుల విషయం మన వాళ్ళకి అర్థం చేయించడం తేలిక. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుందని పల్లెలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. క్యాన్సర్ కణాలు కూడా ఆ దారినే వెళతాయి. కాలిస్ఫోర్నియాలో డొనాల్డ్ మోర్టన్ అనే సర్జన్ 1992లో ఆ దారిలో తగిలే మొదటి గ్రంథిని నీలిరంగు మందుతో గుర్తించి, దాన్ని మాత్రమే తీసి పరీక్షించే పద్ధతిని ప్రచురించాడు. అక్కడ జబ్బు లేకపోతే మిగతావి శుభ్రంగా ఉన్నట్టే లెక్క. సాధారణంగా 1 మిల్లీమీటరు దాటిన మచ్చలకి ఈ పరీక్ష చేస్తారు. 0.8 నుంచి 1 మధ్య ఉన్నవాళ్ళకీ, పుండు పడినవాళ్ళకీ డాక్టరు, రోగి కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఆ గ్రంథిలో జబ్బు కనపడితే వెనక ఉన్నవన్నీ తీసెయ్యాలా అన్న ప్రశ్నకి 2017లో జవాబు దొరికింది. అన్నీ తీసేసినందువల్ల మెలనోమా చావులు తగ్గలేదు. అలా తీయించుకున్నవాళ్ళలో 24 శాతం మందికి చెయ్యో కాలో వాచింది. గమనిస్తూ ఉండిపోయినవాళ్ళలో ఆ వాపు 6 శాతమే. బోదకాలు ఎంత బాధో చూసిన జిల్లాల వాళ్ళకి ఆ తేడా విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇక్కడే మరో చిన్న మాట. ఆపరేషనయ్యాక పప్పు తింటే కుట్లు చీము పడతాయని పెద్దమ్మకి పదిహేను రోజులు చారన్నమే పెట్టారు. పుండు మానడానికి కావలసిన మాంసకృత్తులు పప్పులోనూ గుడ్డులోనూ ఉన్నాయి. పథ్యం పేరుతో వాటినే ఆపేశారు. డిశ్చార్జి కాగితం మీద తెలుగులో ఒక్క వరస రాస్తే సరిపోయేది.

స్కానుల గురించి చెప్పాల్సింది కొద్దిగానే ఉంది. ఒకటో దశలో ఏ లక్షణమూ లేకుండా పెట్ స్కాన్లు చేయించుకుంటూ పోవడాన్ని అంతర్జాతీయ మార్గదర్శకాలు సమర్థించవు. అక్కర్లేని నీడలు కనపడతాయి, వాటి కోసం ఇంకో బయాప్సీ చేస్తారు, ఇంకో నెల నిద్ర కరువవుతుంది. 2బీ, 2సీ దశల వాళ్ళకి మాత్రం ఆపరేషన్ తర్వాత ఇమ్యూనోథెరపీ ఒక దారి. జబ్బు తిరగబెట్టే ముప్పు తగ్గింది గనక 2021 డిసెంబరులో అమెరికా పెంబ్రొలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందుకి ఈ దశల్లో అనుమతి ఇచ్చింది. ఖర్చు లక్షల్లో. థైరాయిడ్ లాంటి గ్రంథులు దెబ్బతింటే జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. ఇది నిదానంగా మాట్లాడుకుని తీసుకోవలసిన నిర్ణయం. భయంలో సంతకం పెట్టకూడదు.

అసలు విషయానికి వస్తాను. ధైర్యంగా ఉంటే జబ్బు పారిపోతుందా?

పెద్దమ్మని చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ మాటే అన్నారు. "నువ్వు మనసు గట్టిగా పెట్టుకో అక్కా, సగం జబ్బు అదే పోతుంది." వాళ్ళు ప్రేమతోనే అన్నారు. వాళ్ళు వెళ్ళాక పెద్దమ్మ నాతో, "నాకు భయం వేస్తోంది అంటే జబ్బు మళ్ళీ వస్తుందేమోనే" అంది. భయమే నేరమైపోయింది ఆవిడకి. భయపడినందుకు మళ్ళీ భయపడుతోంది.

ఈ ప్రశ్న మీద జరిగిన పరిశోధన కథ ఆసక్తిగానూ ఉంటుంది, జాగ్రత్తగా చదవాల్సింది కూడా. 1985లో బార్రీ కాసిలెత్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 359 మంది క్యాన్సర్ రోగుల అధ్యయనం ప్రచురించింది. వాళ్ళలో మెలనోమా వాళ్ళూ ఉన్నారు. ఆశ, నిరాశ, సర్దుకుపోయే గుణం, బంధుమిత్రుల తోడు ఇవన్నీ కొలిచి చూస్తే, వాటికీ ఎంతకాలం బతికారన్న దానికీ సంబంధం కనపడలేదు.

తర్వాత ఇంకో కథ మొదలైంది. లాస్ ఏంజెలిస్‌లో ఫౌజీ అనే మానసిక వైద్యుడు తొలిదశ మెలనోమా రోగుల్లో 34 మందిని చిన్న గుంపులుగా వారానికొకసారి గంటన్నర చొప్పున ఆరువారాలు కూర్చోబెట్టాడు. జబ్బు గురించి పాఠం చెప్పాడు, ఒత్తిడి తగ్గించుకునే పద్ధతులు నేర్పాడు, కష్టాల్ని విడదీసి ఎదుర్కోవడం నేర్పాడు, ఒకరితో ఒకర్ని మాట్లాడించాడు. ఇంకో 34 మందికి మామూలు వైద్యమే. ఆరేళ్ళ తర్వాత 1993లో లెక్క చూస్తే మామూలు గుంపులో 10 మంది చనిపోయారు, కూర్చున్న గుంపులో ముగ్గురే. ఈ వార్త ప్రపంచమంతా తిరిగింది. మనసు జబ్బుని జయిస్తుందన్న నమ్మకానికి ఇదే ముద్ర అనుకున్నారు.

కానీ 68 మంది చాలా తక్కువ. పదేళ్ళకి మళ్ళీ చూస్తే ఆ తేడా పలచబడింది. డెన్మార్కులో బోసెన్ బృందం అదే పద్ధతిని 262 మంది మీద మళ్ళీ చేసింది. 2007లో వచ్చిన ఫలితం స్పష్టంగా ఉంది: ఆయుష్షులో తేడా లేదు.

చాలామంది ఈ కథని ఇక్కడితో ఆపేస్తారు. నాకు ముఖ్యమనిపించింది దాని పక్కనున్న ఇంకో వరస. అదే డెన్మార్కు అధ్యయనంలో, గుంపులో కూర్చున్నవాళ్ళకి మొదటి నెలల్లో అలసట తగ్గింది, ఉత్సాహం పెరిగింది, మనసు కుదుటపడింది. వాళ్ళు ఎక్కువకాలం బతకలేదు. బతికిన కాలంలో ఇంకొంచెం బాగా బతికారు. అది తక్కువ సంగతేమీ కాదు. ఆ సంగతిని ఆయుష్షు పెరుగుతుందన్న తాయెత్తులో చుట్టి ఇస్తే రోగికి అన్యాయం చేసినట్టు. భయపడ్డా, ఏడ్చినా, దేవుడి ముందు కూర్చుని కోపగించుకున్నా పెద్దమ్మ జబ్బు తిరిగి రాదు. తిరిగి వస్తే అది ఆవిడ ధైర్యం చాలక వచ్చింది కాదు. ఈ ఒక్క వాక్యం కోసమే ఇన్ని అధ్యయనాలు చదివానేమో అనిపిస్తుంది. ఆవిడకి చెప్పినరోజు పమిట కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని మనసారా ఏడ్చింది. ఆపరేషన్ తర్వాత ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

మరి భయాన్ని నిజంగా తగ్గించేది ఏది? 2016లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన అధ్యయనం దీనికి బాగా దగ్గరగా వెళ్ళింది. ఇంకో మెలనోమా వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్న 164 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి జబ్బు గురించి వివరంగా రాసిన పుస్తకం ఇచ్చారు, చర్మవైద్యుడి చెకప్‌కి ముందూ తర్వాతా కలిపి మూడుసార్లు మానసిక నిపుణులు ఫోన్లో మాట్లాడారు. ఆర్నెల్లకి వాళ్ళలో జబ్బు తిరగబెడుతుందన్న భయం తగ్గింది. ఒక పుస్తకం, మూడు ఫోన్లు. మందు లేదు, యంత్రం లేదు. చెకప్ దగ్గరపడే వారంలో భయం ఉధృతమవుతుందని తెలుసుకుని, సరిగ్గా ఆ వారానికే ఫోను పెట్టడంలో వాళ్ళ తెలివి ఉంది. ఇలాంటి పుస్తకం ఒకటి మంచి తెలుగులో, మన చర్మానికి తగిన ఫొటోలతో కావాలి. మన క్యాన్సర్ ఆస్పత్రుల్లో కౌన్సెలర్లకి ఫోన్లు ఉన్నాయి. పని మొదలుపెట్టడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు.

చెకప్పులు ఎన్నిసార్లు అన్నదాన్ని కూడా పరిశీలించారు. ఎక్కువసార్లు చూపించుకుంటే నిబ్బరంగా ఉంటుందని మనకి అనిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో ఒకటో దశ రెండో భాగం నుంచి రెండో దశ దాకా ఉన్న 180 మందిలో కొందరికి మామూలు లెక్కన, కొందరికి తక్కువ లెక్కన చెకప్పులు పెట్టారు. తక్కువ వచ్చినవాళ్ళ ఆందోళన పెరగలేదు, ఖర్చు తగ్గింది. జబ్బు తిరిగి వచ్చినప్పుడు మొదట కనిపెట్టేది చాలాసార్లు రోగి, లేకపోతే ఇంట్లోవాళ్ళు. ఆస్పత్రి వరండాలో ఏడాదికి నాలుగు రోజులు కూర్చోవడం కన్నా, నెలకి పది నిమిషాలు తన ఒళ్ళు తాను చూసుకోవడం నేర్పితే మేలు. చూసుకోవడం అతిగా మారి రోజుకి పదిసార్లు అద్దం ముందుకి పరుగెత్తితే అది కూడా జబ్బే. నెలకొకసారి, తేదీ పెట్టుకుని, వెలుతురులో చూసుకోవాలి. మిగతా రోజులు ఆ పని ముట్టుకోకూడదు.

ఇంతదాకా చెప్పిన అంకెలన్నీ దాదాపు తెల్లవాళ్ళవి. ఇది మర్చిపోతే మనకి చాలా పొరపాటు జరుగుతుంది. 2020లో ప్రపంచంలో 3 లక్షల 25 వేలమందికి మెలనోమా వచ్చిందనీ, 57 వేలమంది చనిపోయారనీ అంచనా. అందరికన్నా ఎక్కువ ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో. మన దేశంలో ఏడాదికి లక్షమందిలో ఒక్కరికి కూడా రాదు. అమెరికాలో నలభై ఏళ్ళలో మెలనోమా నిర్ధారణలు ఆరు రెట్లు పెరిగాయి, చావులు మాత్రం అంతగా మారలేదు. దీన్నిబట్టి అక్కడ ఎన్నటికీ హాని చెయ్యని మచ్చలు కూడా క్యాన్సర్ పేరుతో దొరుకుతున్నాయని 2021లో వెల్చ్, మేజర్, ఆడమ్‌సన్ అనే ముగ్గురు రాశారు. వాళ్ళ మాట నిజమైతే ఆ 98 శాతంలో కొంత ఉబ్బు ఉంది. మన దగ్గర సమస్య తలకిందులు. ఇక్కడ దొరకాల్సినవి దొరకడం లేదు.

గోధుమరంగు, నల్లరంగు చర్మంలో మెలనోమా ఎక్కువగా వచ్చేది అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో దొరికింది కుడికాలి బొటనవేలి గోరు కింద. ఫుట్‌బాల్ ఆడుతూ తగిలిన దెబ్బ అనుకున్నాడు. వేలు తీసెయ్యమన్నా తన మతవిశ్వాసం వల్ల ఒప్పుకోలేదు. 1981 మే 11న 36 ఏళ్ళకే పోయాడు. ఇప్పుడు గోరు కింద సున్నా దశలో పట్టుకుంటే వేలు మిగిల్చి ఆపరేషన్ చెయ్యడం వీలవుతోంది.

అమెరికాలో ఉన్న మా చెల్లెలు పంపిన కరపత్రంలో పేజీ నిండా సన్‌స్క్రీన్ గురించే ఉంది. పెద్దమ్మకి చదివి వినిపిస్తే, "అరికాలికి ఎండ ఎక్కడ తగులుతుందే?" అంది. నిజం. నల్లచర్మం వాళ్ళలో ఎండకీ మెలనోమాకీ సంబంధం ఉందనడానికి గట్టి ఆధారాల్లేవని, ఇంతకుముందు చెప్పిన ఆడమ్‌సన్ బృందమే పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి చెప్పింది. పొలంలో తిరిగినందుకో, చెప్పులు లేకుండా గుడి చుట్టూ తిరిగినందుకో వచ్చిందని తమని తాము తిట్టుకునేవాళ్ళకి ఇది గట్టిగా చెప్పాలి. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు చర్మపరీక్షకి వెళితే మేజోళ్ళు విప్పి, వేళ్ళ సందులు కూడా చూపించాలి. అక్కడి డాక్టర్ల చూపు వీపు మీదకి వెళ్ళినంత తేలిగ్గా పాదాల మీదకి వెళ్ళకపోవచ్చు.

అరికాలి మచ్చని చదవడం నేర్పింది జపాన్ వాళ్ళు. మత్సుమొటోలో తొషియాకి సైదా అనే చర్మవైద్యుడు, దుక్కి దున్నిన చేను లాంటి అరికాలి చర్మాన్ని డెర్మోస్కోపు అనే భూతద్దంతో చూశాడు. మామూలు పుట్టుమచ్చలో నలుపు సాళ్ళ వెంట ఉంటుంది. మెలనోమాలో గట్ల వెంట ఉంటుంది. అంత చిన్న తేడా. మామూలు కంటికి అది కనపడదు గనక మనం చూడాల్సింది మార్పునే: కొత్తగా వచ్చిందా, పెరుగుతోందా, రంగులు కలగలిసి ఉన్నాయా, అంచు చెదిరిందా, మానని పుండుగా మారిందా. మన గోళ్ళలో నల్లచారలు మామూలే, చాలావాటికి భయపడక్కర్లేదు. పెద్దవాళ్ళలో ఒకే గోటికి కొత్తగా వచ్చి వెడల్పవుతూ, చుట్టుపక్కల చర్మంలోకి నలుపు పాకితే మాత్రం ఆగకూడదు. గోరింటాకు, పారాణి, నెయిల్ పాలిష్ వీటన్నిటినీ కప్పేస్తాయి.

ఇంకొక్క విషయం మిగిలింది, చెప్పడం నాకే కష్టంగా ఉంది. మొదటి నెల మేం పెద్దమ్మకి జబ్బు పేరు చెప్పలేదు. "గడ్డ తీశారు" అన్నాం. డాక్టరు గారి గది బయట మా పెదనాన్న చేతులు జోడించి, "ఆవిడకి చెప్పకండి సార్" అన్నాడు. ఇంట్లో పెళ్ళికి ఎదిగిన పిల్లలున్నారు, ఊళ్ళో మాట పాకుతుందన్న బెంగ కూడా ఉంది. ముదిరిన జబ్బులో చెప్పాలా వద్దా అన్నది ఇంటింటికీ వేరుగా ఉండొచ్చు. తొలిదశ మెలనోమాలో దాచడం ప్రమాదం. తన ఒంట్లో ఏం వెతకాలో తెలియని మనిషి ఎలా వెతుకుతుంది? పెద్దమ్మకి ఎలాగూ తెలిసిపోయింది. ఓపీ హాల్లో బోర్డు చదువుకుంది. చుట్టూ నోటి క్యాన్సర్ వాళ్ళు, జుట్టు రాలినవాళ్ళు, వీల్‌చైరులో ఊపిరి అందనివాళ్ళు ఉన్నారు. "వాళ్ళ ముందు నాదేం జబ్బే, నేను భయపడ్డానికి కూడా పనికిరాను" అంది నాతో. తొలిదశవాళ్ళ ఒంటరితనం ఇదే. ఆరోగ్యవంతుల్లో వాళ్ళు రోగులు, రోగుల్లో వాళ్ళకి బాధపడే అర్హత లేదు. డెన్మార్కులో అలాంటివాళ్ళ గుంపుకి మొదటి నెలల్లో మనసు ఎందుకు కుదుటపడిందో నాకు ఆ హాల్లో కూర్చున్నాకే అర్థమైంది.

పేరు తెలిశాక ఆవిడే తేదీ పెట్టుకుంది. నెలనెలా ఒకటో తారీఖు, పింఛను తెచ్చే మనిషి వచ్చి వెళ్ళాక, వాకిట్లో పీట వేసుకుని కూర్చుంటుంది. బొట్టు పెట్టుకునే చేతి అద్దం ఒళ్ళో పెట్టుకుని కాలు మడిచి మడమ చూసుకుంటుంది, వేళ్ళ సందులు విప్పి చూసుకుంటుంది, గజ్జల్లో బిళ్ళ తగులుతుందేమో వేళ్ళతో నొక్కి చూసుకుంటుంది. వీపు మా పెదనాన్న చూస్తాడు. మొదట్లో సిగ్గుపడేవాడు. ఇప్పుడు కళ్ళజోడు తెచ్చుకుని, మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో పిల్లల పాత నోటుబుక్కులో మనిషి బొమ్మ గీసి గుర్తు పెట్టుకున్నాడు.

పోయిన ఆషాఢంలో నేనూ అక్కడే ఉన్నాను. మనవరాలు రోట్లో గోరింటాకు రుబ్బి గిన్నెలోకి ఎత్తింది. పెద్దమ్మ పాదాలు కడుక్కుని తుడుచుకుని మంచం మీద కాళ్ళు చాపుకుంది. పిల్ల ముద్ద చేతిలోకి తీసుకోబోతుంటే, "ఆగవే" అని దిండు కింది నుంచి ఫోను తీసి టార్చి వేసి ఇచ్చింది. "ముందు చూడు."

పిల్ల గిన్నె పక్కన పెట్టి, వంగి, అతికిన చర్మం అంచు వెంట వెలుతురు నడిపిస్తూ చాలాసేపు చూసింది.